అవ్వ కప్పుకోని బొంత

పెళ్ళిళ్ళు చెడగొట్టడానికి లోకంలో చాలా దారులున్నాయి. జాతకంలో కుజుణ్ణి వెతికి పట్టుకోవచ్చు. పెళ్ళిచూపుల్లో కాఫీలో ఉప్పు వెయ్యొచ్చు. అబ్బాయి జీతం గురించి వాళ్ళ మేనమామ దగ్గరే ఆరా తీయొచ్చు. ఇవన్నీ చేతకానివాళ్ళ పద్ధతులు. ఒక బొంతకు నాలుగు పక్కలా అంచు కుట్టి, ఆ అంచుతోనే ఒక పెళ్ళిని అంచుదాకా నెట్టిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. ఇప్పుడు చూస్తున్నారు. కూర్చోండి, చెబుతాను. చలిగా ఉంటే ఏదైనా కప్పుకోండి, కాకపోతే కాళ్ళదిక్కు ఏదో చూసుకుని మరీ కప్పుకోండి.

తొంభైల నడిమి మాట. నేను కొత్త కోడలిగా హోసూరుకు వచ్చి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. అప్పట్లో నాకు రెండు గర్వాలు. క్రిష్ణగిరిలో కాలేజీకి పోయి లెక్కలు చదివానని ఒకటి, అదే కాలేజీలో వాదనల పోటీలో మొదటి బహుమతి కొట్టానని రెండోది. పోటీ అంశం 'దేవుడు ఉన్నాడా, లేడా'. చీటీ తీస్తే నాకు 'లేడు' వచ్చింది. వస్తే ఊరుకుంటానా? గొంతు బొంగురుపోయేదాకా లేడని వాదించి, ఉన్నాడన్న పిల్లను వేదిక మీదే ఏడిపించి, ఒక స్టీలు చెంబు గెలుచుకొచ్చాను. దాని మీద నా పేరు, 'వాదనల పోటీ, మొదటి బహుమతి' అన్న మాటలు చెక్కి ఉంటాయి. ఈ చెంబును కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోవాలనే చూశాను, అది నన్ను మరవలేదు.

చెంబుతో పాటు ఒక జబ్బు కూడా ఇంటికి వచ్చింది. ఎవరు ఏమన్నా 'ఎందుకు' అని అడగడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చి, ఇంటినే రచ్చ చేశాను. బస్సు కండక్టరుతో వాదించాను, రోజాపూలమ్మే ఆమెతో వాదించాను, ఎవరూ దొరకని రోజు పంచాంగంతో వాదించాను. మా ఆయన ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య పనిచేసేవాడు కాబట్టి చప్పుడు అలవాటే. నేనేమి చెప్పినా 'సరే' అనేవాడు. దాంతో వాదనకు రుచి ఉండేది కాదు. మా అత్తమ్మ నాకు పూర్తిగా ఎదురు. మాటల్ని ఉప్పులాగా వాడేది, చిటికెడు వేసి డబ్బా మూసేసేది.

ఇక నా ఆడబిడ్డ సరోజ. నేను అరిచినా నవ్వే పిల్ల. ఆ పిల్లకు మొదట వచ్చిన సంబంధం సామల్పట్టి వాళ్ళది. అన్నీ కుదిరాయి. అబ్బాయి మేనమామ కాఫీ తాగుతూ, తమ ఊళ్ళో రైలు ఆగుతుందని కొంచెం గొప్పగా అన్నాడు. అననీయవచ్చు కదా. రైలు ఆగేది వాళ్ళ ఊరి మీది ప్రేమతో కాదని, ఎదురుగా ఇంకో రైలు వస్తుంటే దారివ్వడానికని నేను వివరించాను. ఆయన సగం కాఫీ వదిలేసి లేచాడు. ఆ తర్వాత వాళ్ళ దగ్గరనుంచి రైలూ రాలేదు, కబురూ రాలేదు. సరోజ ఒక్క మాట అనలేదు గానీ, ఆ వారమంతా నాకు పెట్టిన అన్నంలో పెరుగు తక్కువైంది.

రెండో సంబంధం వేప్పనపల్లి దగ్గర పల్లెటూరిది. మామిడి తోటలున్న ఇల్లు. అబ్బాయి పేరు చలపతి. చూడటానికి వచ్చినప్పుడు కాఫీ తాగేసి, లోటా తానే తీసుకుపోయి తొట్టి దగ్గర పెట్టాడు. అంతే, సరోజ పడిపోయింది. మగవాడు తాగిన లోటా తానే ఎత్తడం మా ఇళ్ళలో గ్రహణం లాంటిది, చూసినవాళ్ళు చెప్పుకుంటారు. ఆ సాయంత్రం నుంచి పిల్ల బావి దగ్గర, పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తూనే ఉంది. ఈ సంబంధం కూడా పోతే ఆ రాగం ఆగిపోతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ ఒకసారి నా నోటి వంక చూశారు.

చలపతి ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సంబంధం నచ్చాక, తాంబూలాలు మార్చుకునే ముందు, పిల్ల ఇంటివాళ్ళు తమ ఆడవాళ్ళు కట్టి విడిచిన చీరలతో బొంత కుట్టి, ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషికి ఇవ్వాలి. ఆమె అది కప్పుకుని "వెచ్చగా ఉంది" అనాలి. అన్న తర్వాతే తాంబూలాలు. అనకపోతే ఏమిటని నేను అడిగాను, అడగకుండా ఉంటానా? ఎవరికీ తెలియదు. అంతవరకు అననివాళ్ళు ఎవరూ లేరు. మెత్తబడిన పాత చీరలు పొరలుపొరలుగా వేసి కుడితే వెచ్చగా ఉండక ఏమవుతుంది? రాసినవాళ్ళందరూ పాసయ్యే పరీక్ష అది. దాంట్లో తప్పడానికి లెక్కలు చదివిన మనిషే కావాల్సి వచ్చింది.

అత్తమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "వనజా, ఈ తూరి నువ్వేం మాట్లాడొద్దు. చేతికి పని ఉంటే నోరు ఊరికే ఉంటాది. అంచులు నువ్వు పెట్టు" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, నా నోరు మంచిది కావడం ఎటూ జరగదు కాబట్టి, మూతపడితే చాలనుకుంది పాపం.

పని మొదలైంది. మధ్యాహ్నం వంటలు కాగానే వసారాలో చాప పరిచి, దాని మీద అత్తమ్మ పాత నూలు చీరలు, సరోజ వోణీలు పొరలుగా వేసి, పైన ఆకాశం రంగు చీర ఒకటి కప్పి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని సన్నకుట్టు వరసలు వేసేవాళ్ళు. నేను మాత్రం ఇంజనీరు లాగా తిరుగుతూ అంచుల గురించి ఆలోచించేదాన్ని.

"తలదిక్కుకు మంచి అంచు వెయ్యి, వెడల్పుది. కాళ్ళదిక్కుకు సాదా పట్టీ. పక్కలకు ఏదో ఒకటి" అంది అత్తమ్మ.

"ఎందుకట్ల?"

"అట్లే వేస్తారు."

"అదే, ఎందుకు వేస్తారని?"

"వేస్తారు కాబట్టి వేస్తారు."

చూశారా, నాలాంటి దానికి ఇలాంటి జవాబు పాయసంలాంటిది. వెంటనే గరిటె తీసుకున్నాను. "ఒక చేతికి జరీ వేసి, ఇంకో చేతికి గోనెగుడ్డ వేసి జాకెట్టు కుడితే మీరు తొడుక్కుంటారా అత్తమ్మా? బొంతకు నాలుగు పక్కలుంటే నాలుగూ ఒకే మాదిరి ఉండాల. లేకుంటే వచ్చిన గుడ్డలన్నీ అతికించినట్టుంటాది" అన్నాను.

"బొంత అంటేనే అది గదమ్మా" అంది పక్కింటామె సూదిలో దారం ఎక్కిస్తూ. నేను ఆమెను లెక్కలోకి తీసుకోలేదు.

సాయంత్రం మా ఆయన రాగానే తీర్పు అడిగాను. సాదా పట్టీ ఒక చేత్తో, అంచు ఇంకో చేత్తో పట్టుకుని ఏది బాగుందన్నాను. ఆయన అమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు, చివరికి గోడ వంక చూసి "రెండూ బాగుండాయి" అన్నాడు. అత్తమ్మ లేచి దుమ్ము దులుపుకుని, "నీ ఇష్టం" అంది. మా ఇంట్లో 'నీ ఇష్టం' అనే మాట ఓటమి కాదు, హెచ్చరిక. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. గెలిచాననుకున్నాను.

నేను ఎంచుకున్న అంచు మామూలుది కాదు. కాలేజీ పోటీ రోజున నేను కట్టుకున్న వంకాయ రంగు చీర ఒకటుండేది. ఆవపువ్వు పసుపు అంచు, దాని మీద వరసగా గోపురాలు. చీర నడుమ చిరిగిపోయింది గానీ అంచు మాత్రం నా వాదన లాగే గట్టిగా ఉంది. చూస్తున్నారు కదా, దేవుడు లేడని అరిచినప్పుడు కట్టుకున్న చీర అంచు. నాకైతే అవి గోపురాలు కూడా కావు, త్రికోణాలు. లెక్కలు చదివినవాళ్ళకు లోకమంతా అలాగే కనిపిస్తుంది, అది మా దౌర్భాగ్యం.

బొంత చుట్టుకొలత కొలిచాను. దాన్ని ఒక గోపురం వెడల్పుతో భాగించాను. మూలల దగ్గర గోపురం సగానికి తెగకుండా, రెండు గోపురాలు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడేలా మడత పెట్టాను. కుదరకపోతే విప్పి మళ్ళీ కుట్టాను. నాలుగు పక్కలా గోపురాల మొనలు లోపలికి చూస్తూ, అంగుళం తేడా లేకుండా బారులు తీరాయి. సరోజ వచ్చి వేలితో తడిమి, "బలే ఉండాది వదినా" అంది. పిల్ల కళ్ళలో ఆశ చూసి, సామల్పట్టి రైలు పాపం ఈ బొంతతో కడుక్కుపోతుందని నమ్మాను.

ఇచ్చి రావడానికి నేను, అత్తమ్మ, మా ఆయన బయలుదేరాం. దారి పొడుగునా నాకు ఒకటే పాఠం, మాట్లాడొద్దు. చలపతి వాళ్ళ అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. పిడికెడు మనిషి. చెంపలో ఆకువక్క, కళ్ళు మాత్రం నిన్ననే సాన పట్టించినట్టున్నాయి. బొంతను ఒళ్ళో పెట్టుకుని విప్పింది. ఒక పక్క చూసింది. తిప్పింది. ఇంకో పక్క చూసింది. మళ్ళీ తిప్పింది. నా కుట్టు పనితనానికి ముచ్చటపడి చూస్తోందనుకున్నాను.

"అంచులెవరు పెట్టినారమ్మా?" అంది.

అందరూ నా వైపు చూశారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మాట్లాడటం కిందికి రాదని నాలో నేనే వాదించుకుని, గెలిచి, "నేనే పెట్టినాను అవ్వా" అన్నాను.

"నాలుగు పక్కలా నువ్వేనా?"

"నాలుగు పక్కలా నేనే."

అవ్వ "ఊఁ" అంది. బొంతను మడిచి కళ్ళకద్దుకుని లోపలికి తీసుకుపోయింది. కళ్ళకద్దుకుంది, విన్నారా? తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన మహారాణిలా కూర్చున్నాను. ఇకమీద మా ఇళ్ళలో ఎవరు బొంత కుట్టినా అంచు నన్నే అడగాలని కూడా అన్నట్టు గుర్తు.

తర్వాత కబురు రాలేదు. రెండు రోజుల్లో రావాల్సింది, వారమైనా రాలేదు. మార్గశిరం చలి దిగింది. పాలవాడు మఫ్లరు చుట్టుకుని వస్తున్నాడు, కబురు మాత్రం రాలేదు. సరోజ కూనిరాగం మొదట సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. పక్కింట్లో ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని ఆపి నిలబడేది. చివరికి ఒక రోజు ఫోను మాకే వచ్చింది. చేసింది చలపతి నాయన గోవిందప్ప. అత్తమ్మ మాట్లాడి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఆయమ్మ బొంత కప్పుకోలేదంట" అంది. "చలికి ముడుచుకొని కూసోనుందంట గానీ, కప్పుకోలేదంట."

సరోజ నా వైపు తిరిగింది. అంతకాలంలో ఆ పిల్ల నన్ను అన్న మాట అదొక్కటే, దాన్ని ఇప్పటికీ నేను అరిగించుకోలేదు. "పోయిన తూరి నోటితో చెడగొట్టినావు వదినా. ఈ తూరి చేత్తో."

అత్తమ్మ లేచి కుట్టుబుట్టలో మిగిలిన అంచు ముక్క తీసి, వెలుతురులో పట్టుకుని చూసింది. "ఇవి గోపురాలు గదమ్మా" అంది నెమ్మదిగా. "కాళ్ళదిక్కున గోపురాలు పెట్టినావా?"

అప్పుడు నాకు తల మీద చెంబుడు నీళ్ళు పోసినట్టయింది. అయినా జబ్బు జబ్బే కదా. "మరి చీర కట్టుకుంటే ఆ గోపురాలు పాదాల మీదే ఉంటాయి గదా? అప్పుడు లేని పాపం ఇప్పుడెట్ల వచ్చింది?" అన్నాను.

"నాకెందుకు చెప్తావు? ఆయమ్మకే చెప్పు పో" అంది అత్తమ్మ.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపమన్నారు. నేను కాళ్ళు చాపడానికే వీల్లేని దుప్పటి కుట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బొంత ఇచ్చాక కత్తెర పట్టుకున్నాను. నా ఉపాయం ఏమిటంటే, పోయి అక్కడే కూర్చుని కాళ్ళదిక్కు అంచు విప్పేసి, సాదా పట్టీ కుట్టి రావడం. సరోజ తన పాత వోణీ నుంచి ఒక సాదా గుడ్డ చించి నా చేతిలో పెట్టింది. కత్తెర, సూది, దారం, గుడ్డ సంచిలో వేసుకుని, మర్నాడు పొద్దున్నే అత్తమ్మతో బయలుదేరాను.

చలి కోస్తోంది. అత్తమ్మ వణకడం చూసి, అటక మీదున్న పాత బొంత ఒకటి దించి ఆవిడకు కప్పాను. అది మా ఆయన చిన్నప్పటిది, అత్తమ్మ కుట్టింది. దాని అందం చెప్పి తీరాలి. తలదిక్కున వెలిసిపోయిన ఎర్ర అంచు. ఒక పక్క పచ్చ, ఇంకో పక్క ఏ కిటికీ పరదా నుంచో వచ్చిన పూలు. కాళ్ళదిక్కున ఎవరి పంచెదో తెల్ల పట్టీ. నలుగురు అన్నదమ్ములు ఆస్తి గొడవల్లో ఉండి ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నట్టుండేది. నాకది ఎంత సిగ్గంటే, గురుబరపల్లిలో దిగి వేప్పనపల్లి బస్సు కోసం నిలుచున్నప్పుడు కూడా, ఆ అంచులు లోపలికి మడిచి పెట్టాను. చలపతి వాళ్ళింటికి చేరగానే ఆవిడ భుజాల మీది నుంచి తీసేసి, చుట్టచుట్టి, అరుగు మూల నా సంచి వెనక దాచేశాను.

గోవిందప్ప ఎదురొచ్చాడు. మనిషి నిద్రలేనట్టున్నాడు. అవ్వ వంటింటి గుమ్మంలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పలచటి దుప్పటి చుట్టుకుని కూర్చుంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"బొంత యాడుందవ్వా?" అన్నాను కత్తెర మీద చెయ్యి వేసి.

"రా, చూపిస్తాను" అని లేచింది.

తీసుకుపోయింది ఎక్కడికనుకున్నారు? దేవుడి గదికి. అక్కడ పీట మీద, నా బొంత. నాలుగు పక్కల గోపురాలూ కనిపించేలా మడత పెట్టి, నాలుగు మూలలా పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, నడిమధ్య వెంకటేశ్వరస్వామి పటం, దాని ముందు దీపం. చుట్టూ చామంతులు. ఒక మూల, నేను విప్పి విప్పి కుట్టిన ఆ మూల మీద, కొబ్బరిచిప్ప.

నా నోరు దానంతటదే ఆగడం అత్తమ్మ చూడటం అదే మొదటిసారి, ఆవిడ నా ముఖం చూసి ఆశ్చర్యపోయింది.

"నాలుగు దిక్కులా గోపురాలు కట్టినావు" అంది అవ్వ. "నడిమధ్యన ఎవరుండాల? దేవుడుండాల. నేనెవరమ్మా ఆడ పండుకొనేదానికి?"

నేను తేరుకున్నాను. "చీరకు ఉండేవి గదవ్వా అవి? కట్టుకుంటే కాళ్ళ మీదే పడతాయి గదా?"

"చీర కట్టి నిలబడితే గోపురం గూడా నిలబడుంటాది. పైకి చూస్తాది. పండుకొని కాళ్ళు చాపితే దాని మొనను తన్నినట్టు గదా?"

నిజం చెబుతున్నాను, ఆ కాలేజీ వేదిక మీద ఇలాంటి పిల్ల ఒక్కతి ఎదురుగా ఉండి ఉంటే నాకు చెంబు దక్కేది కాదు. ఆఖరి ఆయుధంగా కత్తెర బయటికి తీసి, "కాళ్ళదిక్కుది విప్పేస్తాను, కాసేపటి పని" అన్నాను. అవ్వ కత్తెర వైపు చూసి, "గోపురానికి కత్తెర పెడతావా?" అంది. కత్తెర దానంతటదే సంచిలోకి పోయింది.

అప్పుడు అత్తమ్మ, డబ్బా మూత తీయని అత్తమ్మ, చేతులు నలుపుకుంటూ అడిగింది. "అట్లయితే, మా పిల్లను మీరు వద్దన్నట్టేనా పెద్దమ్మా?"

"ఎవరన్నారు వద్దని? పిల్ల బంగారం" అంది అవ్వ.

గోవిందప్ప అంతదాకా బిగబట్టుకున్నదంతా ఒలకబోశాడు. "ఇదే గొడవ నాకు ఇన్ని దినాలుగా. కప్పుకోమ్మా అంటే గోపురాన్ని తంతానా అంటాది. పోనీ వెచ్చగా ఉండాదని చెప్పెయ్‌మ్మా, తాంబూలాలు ముగించుకొంటాం అంటే, దేవుని ముందర పెట్టుకొని అబద్ధం చెప్పేదా అంటాది. ఇంకోటి కుట్టియ్యమని అడగతాను అంటే, ఒకింటిని రెండు బొంతలు అడిగేది మర్యాద గాదంటాది. నేనేమని ఫోను చేసేది?"

అంటే, అవ్వ మమ్మల్ని కాదనలేదు. ఔననడానికి దారిలేక కూర్చుంది. ఆ దారి మూసి, ముందు గోపురం కట్టి, తాళం వేసింది నేను. అక్కడ నిలబడి బుర్ర చించుకున్నాను. కప్పుకుంటే అపచారం, కప్పుకోకుండా చెబితే అబద్ధం, ఇంకొకటి అడిగితే అమర్యాద. చదివిన లెక్కల్లో దీనికి జవాబు లేదు. సరోజ చించి ఇచ్చిన గుడ్డ సంచిలో నా చేతికి తగులుతూనే ఉంది.

అవ్వకు చలి ఎక్కువైంది. ఎండ పొడ కోసం అరుగు మీదికి వచ్చి చతికిలబడింది. చెయ్యి చాపితే నా సంచి వెనక ఏదో మెత్తగా తగిలింది. లాగింది. నలుగురు అన్నదమ్ములూ బయటపడ్డారు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. "అది కాదవ్వా, అది ఊరికే, బస్సులో..." అంటుండగానే అత్తమ్మ నా మోచేతి పైన గిల్లింది. మామూలు గిల్లుడు కాదు. పెళ్ళయిన నాటి నుంచి నాతో అనదలచి అననివన్నీ అందులో ఉన్నాయి. నోరు మూశాను.

అవ్వ బొంతను చూడను కూడా చూడలేదు. మాటల మధ్యలోనే వేళ్ళతో అంచు తడిమింది. పరదా పూలు తగిలితే తిప్పింది, పంచె పట్టీ తగిలితే దాన్ని కాళ్ళకేసి తోసింది, వెలిసిపోయిన ఎర్ర అంచు చేతికి రాగానే మెడ దాకా లాక్కుంది. గుడ్డివాళ్ళకు కూడా తెలిసే అంచులవి. మెల్లగా వణుకు ఆగింది. కళ్ళు మూతలు పడ్డాయి. ఎండలో పిల్లి మాదిరి ముడుచుకుని, ఎవరితోనో కాదు, తనలో తనే అంది.

"వెచ్చగా ఉంది."

గోవిందప్ప మోకాళ్ళ మీద కూలబడి, "అమ్మా, ఏమన్నావు?" అన్నాడు.

"వెచ్చగా ఉందన్నాను. నీకేమన్నా చెవుడా?"

"అది నేను కట్టి విడిచిన చీరలే పెద్దమ్మా" అంది అత్తమ్మ, ఒక్క గుక్కలో. "నేనే కుట్టినాను. పొరలన్నీ మా ఇంటివే."

అవ్వ కళ్ళు తెరిచి అత్తమ్మను చూసింది, బొంతను చూసింది, నన్ను చూసింది. నవ్వింది. "మరింకేం? దినం చూసుకోండి" అని, బొంత తల మీదికి లాక్కుని పడుకుంది. గోవిందప్ప తోటలో ఉన్న కొడుకును పిలవడానికి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. అంత హాయిగా గాలి పీల్చుకున్న రోజు నా జన్మలో ఇంకొకటి లేదు, కాన్పులతో కలిపి చెబుతున్నాను.

అయితే అవ్వ నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. బయలుదేరేటప్పుడు లేచి వచ్చి, నా చేతిలో హారతి పళ్ళెం పెట్టింది. "కట్టింది నువ్వు. నీ చేత్తో ఒక హారతి ఇచ్చి పో" అంది. దేవుడు లేడని నిరూపించిన చీర అంచుకు, ఆ నిరూపించిన చేతులతోనే, కర్పూరం వెలిగించాను. అత్తమ్మ వెనక నిలబడి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఇంటికి వచ్చి కబురు చెప్పగానే సరోజ లోపలికి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. ఆ రాత్రి అన్నంలో నాకు గడ్డపెరుగు పడింది. మా ఆయన మాత్రం అటక మీద వెతికి వెతికి కిందికి దిగి, పెళ్ళయ్యాక మొదటిసారి నాకు ఎదురుతిరిగాడు. "నా బొంత యాడ?" అన్నాడు.

"మీ చెల్లెలి పెళ్ళికి ఇచ్చేసినాం" అన్నాను.

"నన్నడగకుండా ఎందుకిచ్చినారు?"

ఇంతకాలానికి ఆయన నోటినుంచి ఒక 'ఎందుకు' వచ్చింది, అప్పుడు నాకు వాదించే ఓపిక లేదు.

పెళ్ళి బాగా జరిగింది. చలపతి ఇప్పటికీ తాగిన లోటా తానే ఎత్తుతాడు. అవ్వ మా ఆయన బొంతను ఆ తర్వాత ఎన్ని చలికాలాలు కప్పుకుందో. నా బొంత పీట మీదే ఉండిపోయింది. రెండువేల సంవత్సరం దాటాక కూడా ఉంది. మొదట ఇంటివాళ్ళే దండం పెట్టేవాళ్ళు, తర్వాత పక్కింటివాళ్ళు వచ్చారు. మామిడి పూత నిలవాలని ఒకరు మొక్కుకున్నారు, ఆ యేడు పూత నిలిచింది, ఇక చెప్పాలా. నా కూతురు పదో తరగతి పరీక్షకు పోతుంటే, అవ్వ హాల్ టికెట్టు తెప్పించి బొంత ముందు పెట్టించింది. "మీ అమ్మ కట్టిన గుడి పాపా, బలే మహిమ" అని చెప్పిందట. పిల్ల పాసయింది. పగలూ రాత్రీ పక్కన కూర్చుని లెక్కలు చెప్పింది నేను, కొబ్బరికాయ కొట్టించుకుంది బొంత.

ఆ కొబ్బరికాయ కొట్టడానికి పోయినప్పుడే, అవ్వ నా అరచేతిలో తీర్థం పోసింది. తులసి వేసిన నీళ్ళు. పోస్తున్న చెంబు మీద ఏవో అక్షరాలు కనిపించి తల వంచి చదివాను. నా పేరు. 'వాదనల పోటీ, మొదటి బహుమతి.' సరోజ కాపురానికి పోతున్నప్పుడు అత్తమ్మ సామాన్లలో సర్దేసి పంపించిందట. ఎందుకు పంపించావని అడుగుదామని అత్తమ్మ వైపు తిరిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని మహాభక్తితో దండం పెట్టుకుంటోంది. నేను తీర్థం కళ్ళకద్దుకుని, తాగి, తడి చెయ్యి తలకు రాసుకున్నాను. ఇంకేం చేయను?

కాబట్టి చదువరులారా, నలుగురి ఎదుట చెబుతున్నాను. ఈ జన్మలో నేను ఏ బొంతకూ అంచు ఎంచను. ఎంచాల్సి వచ్చినా కాళ్ళదిక్కున గోపురం, హంస, చిలక, శంఖం, ఆఖరికి అరటిపండు బొమ్మ ఉన్నది కూడా పెట్టను. పంచె పట్టీయే పెడతాను. అది కూడా అత్తమ్మను అడిగి, ఎందుకని అడగకుండా పెడతాను. నా మాట మీద మీకు నమ్మకం లేదంటారా? న్యాయమే. అయితే వేప్పనపల్లికి పదండి, ఆ బొంత మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాను.